నూట నలభై వాక్యాలు

‘నరుకు’ అన్న మాట హార్పర్ దొర నోట సరిగ్గా పలకడానికి ఆ ఆదివారం పొద్దున పావుగంట పట్టింది. ‘ర’ దగ్గరికి వచ్చేసరికి అతని నాలుక జారిపోయేది. గంగయ్య విసుక్కోలేదు. బంగళా వరండా మెట్టు మీద, దొర కుర్చీకి రెండడుగుల కిందగా కూర్చుని, పలక ఒళ్లో పెట్టుకుని, నాలుక కొస ఎక్కడ తాకాలో నోరు తెరిచి చూపించాడు. దొర వంగి చూశాడు. నవ్వాడు. మళ్లీ పలికాడు. ఈసారి వచ్చింది.

“శభాష్ దొరా!” అన్నాడు గంగయ్య.

మాట నోట్లో కుదిరిన క్షణాన మనిషి ముఖంలోకి ఒక వెలుగు వస్తుంది. పిల్లలకైనా పెద్దలకైనా ఒకే రకం వెలుగు. దాన్ని చూడడమంటే గంగయ్యకు చెప్పలేనంత ఇష్టం. వారంలో ఆరు రోజులు చెరుకుతోటలో కత్తి పట్టేవాడు ఏడో రోజు పలక పట్టడానికి పరుగెత్తుకొచ్చేది అందుకే.

వైసోలే ఎస్టేటులో ఓవర్సీరును కూలీలు కులంబర్ అంటారు. హార్పర్ దొర కులంబరై వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఇరవై మూడేళ్లుంటాయి. తన కింద పనిచేసే ముఠా భాషలో పరీక్ష నెగ్గితే తప్ప కులంబరుకు పై ఉద్యోగం ఇవ్వకూడదని చక్కెర కంపెనీ రూలు. అతని ముఠాలో సగానికి సగం విశాఖపట్నం వైపు తెలుగువాళ్లు. వాళ్లలో రాత వచ్చినవాడు గంగయ్య ఒక్కడే. అలా, అయిదేళ్ల ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన గిరిమిట్ కూలీ గంగయ్య దొరకు మున్షీ అయ్యాడు. ఇద్దరి మధ్యా నడిచేది లైన్లలో, అంటే కూలీల గదుల వరసల్లో, అందరూ మాట్లాడే వచ్చీరాని హిందీ.

పాఠం పద్ధతి దొరదే. తనకు కావలసిన మాటలు నోటుబుక్కులో రాసుకుని వచ్చేవాడు. వాటికి తెలుగు ఏమిటో గంగయ్య చెప్పాలి. త్వరగా. ఇంకా లోతుగా. నోరు ముయ్యి. ఆ రోజు చివరి మాట దగ్గర దొర కొంచెం తడబడ్డాడు. పని తప్పించుకోవడానికి కూలీ ఏవేవో చెబుతాడు కదా, అలా చెప్పొద్దు అనాలంటే ఎలా అని చేతులు తిప్పుతూ అడిగాడు. గంగయ్య ఒక్క క్షణం ఆలోచించి, “వంకలు చెప్పకు” అన్నాడు. అచ్చంగా ఊళ్లో అనే మాట. అంత నిండైన మాట తట్టినందుకు తనలో తనే మురిసిపోయాడు. దొర దాన్ని నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకున్నాడు.

లేవబోతుంటే దొర ఒక కాగితం చూపించాడు. ఎస్టేట్లలో కులంబర్లకు భాషలు నేర్పే మున్షీలందరికీ మిల్లు దగ్గరున్న బడిలో నాలుగు రోజుల తరగతి పెడుతున్నారట. మద్రాసులో ఇరవై ఏళ్లున్న ఒక పాదిరీగారు వచ్చి, భాష ఎలా చెప్పాలో చెబుతారట. చివర్న నెగ్గినవాళ్లకు మున్షీ చిట్టీ ఇస్తారు. ఆ చిట్టీ ఉన్నవాడు మిగిలిన గిరిమిట్ అంతా పాఠాలే చెప్పుకోవచ్చు. తోటలోకి వెళ్లనక్కర్లేదు.

“నీ పేరు మేనేజరుకు ఇచ్చాను,” అన్నాడు దొర. “బుధవారం వెళ్లాలి.”

గంగయ్య రెండు చేతులూ జోడించాడు. అతనికి ఇంకా రెండేళ్ల ఏడు నెలల గిరిమిట్ మిగిలి ఉంది.

*

సోమవారం నది వైపు తోటలో పని. ఆడవాళ్లకు కలుపు, మగవాళ్లకు ఎండాకు రాల్చడం. ఎవరి టాస్కు ఎంతో ముఠా సర్దార్ రామ్ లాల్ పొద్దున్నే కొలకర్రతో కొలిచి హద్దులు పెట్టాడు. పది గంటలకే ఎండ నెత్తిన కూర్చుంది. చెరుకు మధ్య గాలి ఆడదు. గంగయ్యకు మూడు సాళ్ల అవతల బాలమ్మ పార కిందపెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

బాలమ్మ వచ్చి ఎనిమిది నెలలు. హిందీ ఇంకా పట్టుబడలేదు. మాటతో పనిపడితే పక్క గది బసంతి సాయం చేసేది. ఆ రోజు బసంతిని వేరే తోటకు పంపారు.

హార్పర్ దొర గుర్రం మీద వచ్చాడు. నిలబడిపోయిన మనిషిని చూసి ఆగాడు.

“దొరా, కడుపుతో ఉన్నాను,” అంది బాలమ్మ. “ఈ టాస్కు నావల్ల కాదు. సగం ఇప్పించండి బాబూ.”

దొర ముఖంలోకి వెలుగు వచ్చింది. నిన్న వరండాలో వచ్చిన వెలుగే. అతనికి ఒక మాట తెలిసింది.

“కడుపు!” అన్నాడు తన పొట్ట తట్టుకుంటూ. “కడుపు! ఎక్కువ తిండి!” సర్దార్ నవ్వాడు. దొర కళ్లెం సవరించుకుని, ఒక్కొక్క అక్షరం పట్టి పట్టి పలికాడు. “వంకలు చెప్పకు. పని చెయ్యి.”

పలుకు స్పష్టంగా ఉంది. గంగయ్య నేర్పినంత స్పష్టంగా.

గంగయ్య సాలు దాటి రెండడుగులు వేశాడు. “సాహెబ్...” అన్నాడు.

రామ్ లాల్ కొలకర్ర అతని ఛాతీకి అడ్డం పెట్టాడు. “తుమ్ కాహే బోల్తా? మిల్ జాయేకా కి నహీ?” నువ్వెందుకు మాట్లాడతావు, మిల్లుకు వెళ్లాలని ఉందా లేదా అని అడిగాడు. అడిగిన గొంతులో బెదిరింపు కూడా లేదు. గుర్తు చేశాడంతే.

మేనేజరు బల్ల మీద ఉన్న జాబితా గంగయ్య కళ్ల ముందు కదిలింది. రెండు వాక్యాల పని. ఆమె గర్భవతి సాహెబ్, ఆమె అన్నది అది కాదు సాహెబ్. ఆ రెండు వాక్యాలు అతనికి హిందీలోనూ వచ్చు. కానీ వంగి, ఎండాకు పట్టుకుని, కిందికి లాగాడు. ఇంకొకటి లాగాడు. దొర గుర్రం కదిలిపోయింది. బాలమ్మ పార ఎత్తింది.

పొద్దు వాలే వేళకు ఆమె సాలులోనే కూలబడింది. టాస్కు మూడో వంతు మిగిలిపోయింది. మంగళవారం మధ్యాహ్నం లైనులో బిడ్డ పోయింది. ఐదో నెల. ఆ సాయంత్రమే రామ్ లాల్ సమను కాగితం తెచ్చి ఆమె భర్త మునియ్య చేతిలో పెట్టాడు. టాస్కు పూర్తి చేయనందుకు వచ్చే గురువారం కోర్టు.

బుధవారం తెల్లవారగానే గంగయ్య మూట భుజాన వేసుకుని వాళ్ల గది ముందు ఆగాడు. మునియ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని నీళ్లు కాస్తున్నాడు. తల ఎత్తలేదు. లోపల చాప మీద బాలమ్మ గోడకు ఆనుకుని ఉంది. బసంతి ఆమె కాళ్లకు గోనెపట్టా కప్పుతోంది.

“ఎల్లొస్తావా పంతులూ?” అంది బాలమ్మ.

“వెళ్లాలి.”

ఆమె అతన్ని కాసేపు చూసింది. కళ్లలో తడి లేదు.

“‘వంకలు సెప్పకు’ అన్నాడు దొర. మా ఊరోడు అన్నట్టే అన్నాడు. అంత బాగా ఎవులు నేర్పినారు?”

గంగయ్య మూట భుజం మార్చుకున్నాడు.

“నాను సెప్పింది ఆడికి తెలీనేదు. ఆడు సెప్పింది మాత్రం నాకు తెలిసింది,” అని బాలమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. “ఎల్లు. రైలు ఎల్లిపోద్ది.”

*

చెరుకు మోసే బండిలో, పట్టాల మీద మూడు గంటల ప్రయాణం. బడిలో బెంచీల మీద పదిమంది మున్షీలున్నారు. ఎనిమిదిమంది హిందీవాళ్లు, ఒక అరవాయన, తెలుగుకు గంగయ్య. పాదిరీగారు తెల్లగడ్డం మనిషి. తెలుగు వచ్చు కానీ అచ్చుపుస్తకంలోంచి లేచి వచ్చినట్టుండేది.

“కూర్చుండుము. భయపడవలదు,” అన్నారు.

చెడ్డమనిషి కాదాయన. చెప్పడం బాగా వచ్చినవాడు. మాటకు అర్థం చెప్పకండి, వస్తువు చూపండి అన్నారు. ‘తలుపు తీస్తున్నాను’ అంటూ లేచి తలుపు తీశారు. గురువు ఎంత తక్కువ మాట్లాడితే శిష్యుడికి అంత ఎక్కువ వస్తుందన్నారు. తప్పు పలికినవాడిని వెంటనే ఆపకండి, వాక్యం పూర్తి కానివ్వండి అన్నారు. గంగయ్య మనసు కుంగి ఉన్నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఊళ్లో బడి నడిపిన తొమ్మిదేళ్లలో గాని ఇక్కడ గాని, పాఠం ఇలా చెప్పాలని అతనికి ఒక్కరూ చెప్పలేదు. తనకు తోచినట్టు చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ విప్పి చూపిస్తుంటే, ఇన్నాళ్లూ చీకట్లో తడుముకున్న వస్తువుల పేర్లు ఎవరో చెబుతున్నట్టుంది. ఇలాంటి తరగతి కోసం ఎంత దూరమైనా నడవొచ్చనిపించింది. అనిపించినందుకు సిగ్గూ వేసింది.

రెండో రోజు కొత్త పుస్తకం పంచారు. కంపెనీ అచ్చు వేయించింది. ఒక వాక్యం ఇంగ్లీషులో, దానికి ఎదురుగా హిందీ, అరవం, తెలుగు. మొత్తం నూట నలభై. తప్పులుంటే చెప్పమన్నారు పాదిరీగారు. తెలుగు వరస గంగయ్య గట్టిగా చదివాడు. చెరుకు నరుకు. కట్ట కట్టు. బండికి ఎత్తు. వరసలో నిలబడు. ఎందుకు ఆలస్యమైంది? మాట్లాడకు. చదువుతూ చదువుతూ అతని గొంతు నెమ్మదించింది. నూట నలభయ్యోది అయ్యాక మళ్లీ మొదటి పేజీకి వెళ్లి, వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు.

“తప్పు దొరికెనా?” అన్నారు పాదిరీగారు.

“తెలుగులో తప్పులేదు అయ్యగారూ. ఇందులో దొర నూట నలభైసార్లు మాట్లాడాడు. కూలీ ఒక్కసారి కూడా మాట్లాడలేదు.”

“కులంబరు మాటాడుటకు ఈ పుస్తకము.”

“‘ఎందుకు ఆలస్యమైంది’ అని అడుగుతున్నాడు కదండీ? జవాబు ఏదీ?”

బెంచీల మీద ఎవరో దగ్గారు. పాదిరీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“పరీక్షలో జవాబులు లేవు గంగయ్యా. కంపెనీవారు కోరినది ఇంతే.”

“దొర నోరు పలికితే చాలా అయ్యగారూ? చెవి అక్కర్లేదా?”

ఆయన పుస్తకం మూసి, భోజనానికి వెళ్లమన్నారు.

బావి దగ్గర పక్క ఎస్టేటు మున్షీ లచ్మన్ గంగయ్య చేతిమీద నీళ్లు పోస్తూ గొంతు తగ్గించాడు. “చుప్ రహో భయ్యా. చిట్టీ లేవో, ఘర్ జావో.” నోరు మూసుకుని చిట్టీ తీసుకుని ఇంటికి పో, ఇంకా రెండేళ్ల పైన ఉంది కదా నీకు, తోట గుర్తుంది కదా అన్నాడు.

గుర్తుంది. మూడు సాళ్ల అవతల నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ మనిషీ గుర్తుంది.

*

శనివారం పొద్దున్న పరీక్ష. మున్షీలు తమ తమ దొరల్ని నిలబెట్టి అందరి ముందూ పాఠం చెప్పాలి. మిల్లు పెద్దదొరా, వైసోలే మేనేజరూ ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. పాదిరీగారు కాగితం మీద గుర్తులు వేస్తున్నారు. లచ్మన్ పాఠం చక్కగా సాగింది. అతని దొర ఇరవై ఆజ్ఞలు గడగడా అప్పజెప్పాడు. పెద్దదొర తలూపాడు.

గంగయ్య వంతు వచ్చింది. హార్పర్ దొర శుభ్రంగా గడ్డం గీసుకుని, నోటుబుక్కు జేబులో పెట్టుకుని వచ్చాడు. గంగయ్య బడి వెనక తోటలోంచి ఒక పార తెచ్చి అతని చేతికిచ్చాడు.

“ఇవాళ మీరు కూలీ దొరా,” అన్నాడు హిందీలో. “నేను కులంబర్ని.”

దొరలంతా పకాలున నవ్వారు. హార్పర్ కూడా నవ్వాడు. వస్తువు చూపు, పని చేయించు అని పాదిరీగారు చెప్పిన పద్ధతే కదా ఇది. ఆయన గడ్డంలోంచి చిన్నగా నవ్వి ఏదో రాసుకున్నారు.

గంగయ్య పుస్తకం తెరిచాడు. “పని చెయ్యి.”

హార్పర్ గాలిలో పార ఊపాడు.

“త్వరగా!”

త్వరగా ఊపాడు.

“దాహం వేసింది మీకు. నాతో చెప్పండి,” అన్నాడు గంగయ్య హిందీలో.

“నీళ్లు!” అన్నాడు హార్పర్ ఉత్సాహంగా.

“మాట్లాడకు. పని చెయ్యి. ఇప్పుడు మీకు జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. చెప్పండి.”

“నేను...” అని హార్పర్ ఆగాడు. “నేను...”

“వంకలు చెప్పకు.”

మళ్లీ నవ్వులు. ఈసారి కొంచెం తక్కువ.

“పార తగిలి కాలు తెగింది. రక్తం పోతోంది. చెప్పండి.”

హార్పర్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. నోటుబుక్కు మీదకు చెయ్యి పోయి, మధ్యలో ఆగిపోయింది. అందులో ఆ మాట లేదని అతనికి తెలుసు. మెడ దగ్గర ఎరుపు పైకి పాకింది.

“నోరు ముయ్యి,” అన్నాడు గంగయ్య. పుస్తకంలో నలభై రెండో వాక్యం అది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “వరసలో నిలబడు. పని చెయ్యి.”

ఇప్పుడెవరూ నవ్వలేదు. పక్కన మిల్లు కూత పెట్టి ఆగింది. గంగయ్య పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. ఒక వాక్యం పలికాడు, నెమ్మదిగా, తోటలో తను విన్నట్టే.

“కడుపుతో ఉన్నాను.”

“కడుపుతో ఉన్నాను,” అన్నాడు హార్పర్. అని కనుబొమలు ముడిచాడు. ఆ మాట ఎక్కడో విన్నాడు. “కడుపు తెలుసు. పొట్ట.”

“అయ్యగారిని అడగండి దొరా. ‘కడుపుతో’ అంటే ఏమిటో.”

పాదిరీగారు కలం పక్కన పెట్టారు. గంగయ్యను చూశారు, హార్పర్‌ను చూశారు. తర్వాత ఇంగ్లీషులో, బడి అంతటికీ వినబడేలా అర్థం చెప్పారు.

హార్పర్ చేతిలో పార కర్ర నేలకు తాకింది.

“కానీ ఆమె నాతో అదే అంది,” అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టి హిందీలోకి వచ్చాడు. “సోమవారం. సరిగ్గా ఇదే మాట.”

“అవును,” అన్నాడు గంగయ్య అందరికీ తెలిసే హిందీలో. “నేను మూడు సాళ్ల ఇవతల ఉన్నాను. విన్నాను. నోరు మూసుకున్నాను. మంగళవారం ఆ బిడ్డ పోయింది. గురువారం ఆ తల్లికి కోర్టు.”

వైసోలే మేనేజరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఇంక చాలన్నాడు.

సాయంత్రం తొమ్మిదిమందికి చిట్టీలిచ్చారు. పాదిరీగారు గంగయ్యను మెట్ల దాకా సాగనంపారు. “నీకు బోధించుట వచ్చును. నా శిష్యులలో నీకంటె బాగుగా ఎవరికీ రాదు. చిట్టీ మాత్రము నా చేతిలో లేదు,” అన్నారు.

“మీరు నేర్పింది నా దగ్గరే ఉంది అయ్యగారూ,” అన్నాడు గంగయ్య. మూట ఎత్తుకుని పట్టాల వైపు నడిచాడు.

*

బుధవారం రామ్ లాల్ వచ్చి మునియ్యతో కోర్టు లేదన్నాడు. ఎందుకు లేదో చెప్పలేదు. మేజిస్ట్రేటు ముందు ఆ మాటకు అర్థం ఏమిటన్న ప్రశ్న వస్తే, సర్కారు పెట్టిన కూలీల ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇంకా చాలా ప్రశ్నలు వేస్తాడని మేనేజరుకు తట్టి ఉంటుంది. క్షమించమని ఎవరూ అనలేదు. గంగయ్యను తోటలోంచి తీసి నది పక్క కాలవ తవ్వే పనిలో వేశారు. నడుము లోతు బురద. సాయంత్రానికి వేళ్ల సందులు పాచిపోయేవి. మీద పడ్డ బురదను చూసి అతనే నవ్వుకునేవాడు. ఒంటికి అలసట ఉంది గాని, రాల్చిన ఎండాకుల మధ్య ఆ రోజు పట్టుకున్న బరువు లేదు.

మూడు వారాల తర్వాత లచ్మన్ పక్క ఎస్టేటు నుంచి పనిమీద వచ్చి, కాలవ గట్టున నిలబడి కేకేశాడు. కులంబర్ల పరీక్ష మార్చారట. పాదిరీగారు పట్టుబట్టారట. పుస్తకం అప్పజెబితే ఇక చాలదు. కులంబరు ముఠాలోంచి ఒక కూలీని పిలిచి నిలబెడతారు. ఆ కూలీ తన ఇష్టం వచ్చినవి పది మాటలు చెబుతాడు. అతనేమన్నాడో దొర చెప్పాలి. “హమ్ లోగ్ కే చిట్టీ బేకార్ హోయ్ గయా,” అన్నాడు లచ్మన్ నవ్వుతూనే, తమ చిట్టీలు ఇక పనికిరావని. తొమ్మిది చిట్టీలవాళ్లకూ అలాంటి పాఠం చెప్పడం రాదు.

శనివారం రామ్ లాల్ కబురు తెచ్చాడు. రేపు పొద్దున్న బంగళాకు రావాలట. దొరకు పరీక్ష రెండు నెలల్లో ఉంది.

గంగయ్య కుళాయి కింద కాళ్లు కడుక్కుంటున్నాడు. “రానని చెప్పు. ఆదివారం నాది. పాఠం కావాలంటే లైన్లకు రమ్మను. బంగళాలో నేనొక్కణ్నే. ఇక్కడ అరవై మంది మున్షీలున్నారు.”

“పాగల్ హోయ్ గయా?” పిచ్చెక్కిందా అన్నాడు రామ్ లాల్.

“అదీ చెప్పు,” అన్నాడు గంగయ్య.

ఆదివారం ఎండెక్కేసరికి హార్పర్ దొర వచ్చాడు. గుర్రం లేదు. రెండు లైన్ల మధ్య ఖాళీలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. జనం గదుల ముందుకు వచ్చి చూశారు. ఎవరూ సలాం చెయ్యలేదు. గంగయ్య సబ్బులు వచ్చిన ఖాళీ చెక్కపెట్టె ఒకటి బోర్లించి చూపించాడు. దొర కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

“పద్ధతి ఇది,” అన్నాడు గంగయ్య. “ఒకరు వచ్చి మాట చెబుతారు. వాళ్లేమన్నారో మీరు వాళ్లకే తిరిగి చెప్పాలి. సరిపోతే ఇంకొకరు వస్తారు.”

మునియ్య వచ్చాడు. బియ్యంలో పురుగులున్నాయన్నాడు. హార్పర్‌కు ‘పురుగు’ తెలియలేదు. గదిలోంచి గుప్పెడు బియ్యం తెచ్చి అరచేతిలో పోశారు. అతను చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పాడు. ఒక ముసలాయన కప్పు కారుతోందన్నాడు. ఒకామె సర్దార్ పేరు ఎత్తి ఏదో అంది. దొర దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. తిరిగి చెప్పేటప్పుడు గొంతు తగ్గింది.

అప్పుడు బాలమ్మ గది గడప దిగింది. మనుషులు పక్కకు జరిగారు. ఆమె వచ్చి పెట్టెకు ఎదురుగా నిలబడింది. హార్పర్ లేవబోయి, లేవాలో వద్దో తెలియక సగంలో ఆగాడు.

“నా బిడ్డ సచ్చిపోనాది,” అంది బాలమ్మ.

ఆ వాక్యంలో అతనికి తెలియని మాట లేదు. ముఖంలోకి ఏ వెలుగూ రాలేదు. గంగయ్య వైపు చూశాడు. గంగయ్య సాయం చెయ్యలేదు. గురువు ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

హార్పర్ పూర్తిగా లేచి నిలబడ్డాడు. టోపీ అంచు రెండు చేతులా నలిపాడు.

“నీ బిడ్డ...” అన్నాడు.

“‘నీ’ కాదు. ‘మీ’ అనాల,” అంది బాలమ్మ. “మళ్లీ సెప్పు.”